ఫార్మాట్ కొట్టించకు బిడ్డా, ముందు తెర మీద ఏముందో చదువు

బిడ్డా,

అప్‌డేట్ అయ్యాక లాప్‌టాప్ లేవకుండా ఆఫ్ అయిపోతోందని రాత్రి నువ్వు పంపిన వీడియో చూశాను. మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే పరేషాన్ అవుతోంది, ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉందట, షాపతను ఫార్మాట్ తప్ప దారి లేదన్నాడట. ఒకటి గట్టిగా చెప్తున్నా, ఫార్మాట్ వద్దు. ఆ లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి మహబూబ్‌నగర్ దాకా రావాల్సిన పని కూడా లేదు, నల్లగొండలో నీ రూములో కూర్చొనే బాగుచేసుకోవచ్చు. కాలేజీ ల్యాబులో నీ దాంట్లో లాగే ఒక్కో మెషీన్‌లో విండోస్, ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం సిస్టమ్) రెండూ పెట్టి ఏళ్ల తరబడి పిల్లలతో పని చేయించినదాన్ని, అప్‌డేట్ అయ్యాక లేవనంటూ మొండికేసిన కంప్యూటర్లు ఎన్నో నా చేతి మీదుగా పోయాయి. వాటిల్లో ఫైళ్లు నిజంగా పోయినవంటే దాదాపు అన్నీ ఎవరో ఆగం ఆగంగా ఫార్మాట్ కొట్టినవే.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. నువ్వు బటన్ నొక్కగానే మదర్‌బోర్డు తన దగ్గరున్న చిన్న జాబితా చూసుకుంటుంది, మొదట ఉబుంటును లేపాలా, విండోస్‌నా అని. తర్వాత డిస్కులో ఉండే ఒక చిన్న పార్టిషన్‌కు, అంటే విడిగా కేటాయించిన గదికి వెళ్తుంది, మామూలుగా 100 నుంచి 260 ఎంబీ ఉంటుంది, ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటుంది, ఈఎఫ్‌ఐ పార్టిషన్ అంటారు. దాంట్లో మైక్రోసాఫ్ట్ అని ఒక ఫోల్డరు, ఉబుంటు అని ఇంకో ఫోల్డరు ఉంటాయి. అప్‌డేట్ తర్వాత తేడా కొట్టేది చాలావరకు ఈ జాబితాలోనో ఈ చిన్న పార్టిషన్‌లోనో. నీ ప్రాజెక్టు ఉన్నది వేరే పార్టిషన్‌లో, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఊరికి పోయే దారిలో కల్వర్టు కూలితే ఊరు కూలినట్టు కాదు కదా.

నువ్వు చేసిన మంచి పని ఏంటంటే వీడియో తీయడం. ఆ నల్ల తెర మీద రెండు వరుసలు కనిపించి రెండు మూడు సెకన్లలోనే మెషీన్ ఆఫ్ అయిపోతోంది, కంటితో చదివే టైమే లేదు. వీడియో ఆపి పెద్దగా చేసి చూస్తే మొదటి వరుసలో ‘వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్’ అని, చివర ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని ఉంది. రెండో వరుస ‘సంథింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్’ అని మొదలవుతుంది. ఆ మాట చూసే షాపతను డిస్కు పోయిందని అనుకొని ఉంటాడు. డిస్కుకూ దానికీ సంబంధం లేదు. ఏ మెషీన్ అయినా సరే, ఎవరు అడిగినా సరే, తెర మీద ఏం రాసుందో చూడకుండా చేయి పెట్టేవాళ్ల దగ్గర లాప్‌టాప్ వదిలిరాకు.

ఆ మెసేజ్ కథ ఇది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మదర్‌బోర్డు సంతకం ఉన్న ప్రోగ్రామునే లేపుతుంది. ఉబుంటు తరఫున మైక్రోసాఫ్ట్ సంతకంతో ఉండే చిన్న ప్రోగ్రామును షిమ్ అంటారు, అది లేచి గ్రబ్‌ను లేపుతుంది, గ్రబ్ మనకు విండోసా ఉబుంటునా అని మెనూ చూపిస్తుంది. పాత గ్రబ్‌లలో భద్రతా లోపాలు బయటపడ్డాయి కాబట్టి, ఫలానా తరం కంటే పాతవాటిని లేపొద్దు అని మదర్‌బోర్డులో ఒక గుర్తు పెట్టే పద్ధతి తెచ్చారు, దాని పేరే ఎస్‌బ్యాట్. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ ఆ గుర్తును పెంచింది. రెండు సిస్టమ్‌లు ఉన్న మెషీన్లను వదిలేయాలన్నది మైక్రోసాఫ్ట్ ఉద్దేశం, కానీ కొన్ని మెషీన్లలో రెండోది ఉందని అది గుర్తుపట్టలేదు, దాంతో ఎంతోమందికి ఉబుంటు లేవకుండా పోయింది. పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్‌లో గానీ రాలేదు. ఇంకో దారిలోనూ ఇది వస్తుంది, కొత్త లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఒక్కసారి బూట్ చేసినా అందులోని కొత్త షిమ్ ఆ గుర్తును పెంచేయగలదు. నువ్వు దోస్తు పెన్‌డ్రైవ్ పెట్టి చూశానన్నావు కదా. ఏది జరిగినా మందు ఒక్కటే, నీ ఉబుంటులోని షిమ్ పాతబడింది, దాన్ని కొత్తది చేయాలి.

ఇక పని. కానీ బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో అడుగు పెట్టకముందే ఒకటి చేయాలి, ఇది మాత్రం మరవకు, మిగతాదంతా అటూ ఇటూ అయినా పర్వాలేదు. బిట్‌లాకర్ రికవరీ కీ సంపాదించు, బిట్‌లాకర్ అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. ఈ మధ్య లాప్‌టాప్‌లలో విండోస్ 11 హోమ్ ఉన్నా సరే డివైస్ ఎన్‌క్రిప్షన్ అని దానంతట అదే ఆన్ అయి ఉంటుంది, మనకు తెలియనే తెలియదు. సెక్యూర్ బూట్‌ను మార్చగానే విండోస్‌కు అనుమానం వచ్చి నీలం తెర మీద కీ అడుగుతుంది, 48 అంకెలు. అది లేకపోతే విండోస్ వైపు ఫైళ్లు నిజంగానే అందవు, అప్పుడు నేనూ ఏం చేయలేను. నీ ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, లాప్‌టాప్ కొన్నప్పుడు పెట్టిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్‌ల కింద రికవరీ కీలు కనిపిస్తాయి. రెండు మూడు కీలు ఉంటే పక్కన కీ ఐడీ కూడా ఉంటుంది, తెర మీద అడిగే ఐడీతో అది సరిపోవాలి. కీని నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకో, ఆ లాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే ఏం లాభం? అకౌంట్ మీ అన్న పేరు మీద పెట్టి ఉంటే వాడిని అడుగు.

కీ చేతికొచ్చాక చార్జర్ పెట్టి మొదలుపెట్టు. నీది హెచ్‌పీ కాబట్టి ఆన్ చేస్తూనే ఎస్కేప్ కీ టకటకా కొడుతూ ఉండు, ఒక మెనూ వస్తుంది, అందులో ఎఫ్9 కొడితే ఏది బూట్ చేయాలో అడుగుతుంది. అక్కడ విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకో. విండోస్ మామూలుగా లేస్తే, అది చెడిపోలేదని అక్కడే తేలిపోతుంది. లేవగానే ప్రాజెక్టు ఫైళ్లలో విండోస్ వైపు ఉన్నవి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, ఇంకేదీ చేయకముందు. మీ రూమ్మేట్లది డెల్, లెనోవో అయితే ఎఫ్12, ఆసుస్ అయితే ఎస్కేప్, వాళ్లకూ ఎప్పుడో పనికొస్తుంది.

తర్వాత మళ్లీ ఆఫ్ చేసి, ఈసారి ఎస్కేప్ తర్వాత ఎఫ్10 కొట్టి బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ డిసేబుల్ చేసి సేవ్ చేయి. హెచ్‌పీలో ఇక్కడ చాలామంది ఆగిపోతారు: మెషీన్ తిరిగి లేచేటప్పుడు నాలుగంకెల కోడ్ ఒకటి చూపించి కొట్టమంటుంది, కానీ కొట్టడానికి పెట్టె ఏదీ కనిపించదు, నువ్వు కొట్టే అంకెలు కూడా కనిపించవు. అయినా కొట్టు, కీబోర్డు పై వరుసలోని అంకెలతో, తర్వాత ఎంటర్. కొట్టకపోతే మార్పు రద్దయిపోతుంది, మళ్లీ అదే మెసేజ్ వచ్చి నువ్వు మళ్లీ పరేషాన్ అవుతావు.

ఇప్పుడు గ్రబ్ మెనూ వస్తుంది, ఉబుంటు లేస్తుంది. ఉబుంటు వైపు ఫైళ్లు కూడా కాపీ చేసుకున్నాకే అప్‌డేట్ మొదలుపెట్టు. ఏపీటీ అనే కమాండ్‌తో మొత్తం అప్‌గ్రేడ్ చేస్తే కొత్త షిమ్, కొత్త గ్రబ్ వచ్చేస్తాయి. నీది ఉబుంటు 22.04 వెర్షన్ అయితే దానికి సపోర్టు ఇంకా 2027 దాకా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. 20.04 అయితే మామూలు సపోర్టు 2025 మేలోనే అయిపోయింది, ప్రాజెక్టు సబ్మిట్ చేశాక నిదానంగా కొత్త వెర్షన్‌కు మారుదువు. అప్‌గ్రేడ్ అయ్యాక మాక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ అని పెట్టి, సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉంచి ఒకసారి రీస్టార్ట్ చేసి ఉబుంటులోకి రా, అప్పుడే ఆ పాత గుర్తు చెరిగిపోతుంది. ఆ తర్వాత బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయి. ఆన్ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందని నీకు అనిపించవచ్చు, పని జరుగుతుంది, నిజమే, కానీ అది ఉన్నది మన కాపలాకే, పది నిమిషాల పనికి బద్ధకించి దాన్ని ఊరికే ఆఫ్‌లో పెట్టుకోవడం నాకు నచ్చదు. కమాండ్లు అక్షరం పొల్లు పోకుండా వాట్సాప్‌లో విడిగా పంపుతాను, స్పేసులతో సహా అలాగే కొట్టు.

ఒకవేళ ఉబుంటు అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి లేవకుండా పోతే దాని మందు వేరు, అది కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నీ మెషీన్‌లో బ్యాటరీ నిలబడదని మీ అమ్మ చెప్పింది, ఎండాకాలం కరెంటు సంగతి నీకు తెలిసిందే. కర్నెల్ (ఉబుంటుకు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) అప్‌డేట్ సగంలో ఆగితే ‘కర్నెల్ ప్యానిక్’ అని వచ్చి తెర గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది. అప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోకి వెళ్తే పాత కర్నెల్ ఉంటుంది, దాంతో లేపు. పాతదాన్ని ఉబుంటు ఉంచేది ఇందుకే. మెనూ కనిపించకపోతే హెచ్‌పీ బొమ్మ పోయిన వెంటనే ఎస్కేప్ ఒక్కసారి కొట్టు. లేచాక డీపీకేజీ అనే కమాండ్‌తో ఆగిపోయిన ఇన్‌స్టాల్ పూర్తి చేయించి, కర్నెళ్లు ఉండే బూట్ పార్టిషన్ విడిగా ఉంటే నిండిపోయిందేమో చూడు. ల్యాబులో నేను చూసిన ఈ రకం కేసుల్లో చాలావాటికి కారణం అదే, పాత కర్నెళ్లు పేరుకుపోయి కొత్తదానికి చోటు లేకపోవడం.

అప్‌డేట్ తర్వాత మెసేజ్ ఏదీ లేకుండా నేరుగా విండోస్ లేస్తుంటే అసలు రోగమే కాదు, జాబితాలో విండోస్ పైకి వచ్చింది అంతే, బయాస్‌లో బూట్ ఆర్డర్ మార్చి ఉబుంటును పైన పెట్టాలి. అదే మెనూలో ఉబుంటు ఉండి విండోస్ మాయమైతే, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను మామూలుగా ఆఫ్‌లోనే ఉంచుతున్నారు, గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి అప్‌డేట్ గ్రబ్ కొడితే విండోస్ మళ్లీ కనిపిస్తుంది. నల్ల తెర మీద గ్రబ్ అన్న మాట, పక్కన మినుకుమినుకుమనే గీత తప్ప ఏమీ లేకపోతే మాత్రం ఏదీ కొట్టకుండా నాకు ఫోటో పెట్టు. దానికి ఉబుంటు ఎక్కించిన లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి, పార్టిషన్ పేరు ఒక్కటి తప్పు కొట్టినా వేరే చోట రాసేస్తుంది, ఆ పని వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చేద్దాం.

యూట్యూబ్ చూసి కొన్ని చేయకు. ఫిక్స్ ఎంబీఆర్ కమాండ్ కొట్టమని చెప్తారు, అది పాత బయాస్ పద్ధతి మెషీన్లకు, కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐతో లేచే నీ మెషీన్‌కు దాంతో ఒరిగేదేమీ లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చిన్న పార్టిషన్ కనిపిస్తే పనికిరానిదనుకొని తీసేయకు, నేను పైన చెప్పిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ అదే కావచ్చు. బయాస్‌లో లెగసీ, స్టోరేజ్ మోడ్, వీఎండీ లాంటి పేర్లున్న సెట్టింగులు గెలకొద్దు. స్టోరేజ్ మోడ్ మారిస్తే బాగున్న విండోస్ కూడా డిస్కు దొరకలేదని నీలం తెర వేస్తుంది, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

లేచాక విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండిపోతుంది, ఉబుంటు నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు, బలవంతంగా రాస్తే ఫైళ్లు దెబ్బతింటాయి. రెండు సిస్టమ్‌లనూ నెలకోసారి అయినా లేపి అప్‌డేట్ చేస్తూ ఉండు, ఒకదాన్నే వాడుతూ రెండోదాన్ని ఆరు నెలలు పడుకోబెడితే ఇలాంటి తేడాలు వచ్చే అవకాశం ఎక్కువ. వైవా ముందు రాత్రి మాత్రం ఏ అప్‌డేటూ వద్దు.

షాపతను ఇంకోసారి ఫోన్ చేస్తే లాప్‌టాప్ నా దగ్గరే ఉంచుకుంటానని మర్యాదగా చెప్పేయి. ఈరోజు నువ్వు చేయాల్సింది కీ వెతకడం ఒక్కటే. దొరికితే చివరి నాలుగంకెలు మాత్రం నాకు మెసేజ్ పెట్టు, మొత్తం పంపకు. సాయంత్రం ఆరు దాటాక ఖాళీగా ఉంటాను, కాల్ చేస్తే సెక్యూర్ బూట్ దగ్గర నుంచి కలిసి చేద్దాం.

మీ పెద్దమ్మ