స్లీప్ టెస్ట్ ఫెయిలైంది, మళ్లీ డబ్బు కట్టమంటున్నారు.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 41 ఏళ్లు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 37. బీపీ ఉంది, షుగర్ లేదు. ఎంత ప్రయత్నించినా బరువు తగ్గక బేరియాట్రిక్ సర్జరీకి సిద్ధపడ్డాను. సర్జన్ సరేనన్నారు, తేదీ ఇచ్చారు, ఆఫీసులో సెలవు కూడా పెట్టేశాను. తీరా ఆపరేషన్‌కి వారం ముందు మత్తు డాక్టర్ గారు ‘గురక పెడతారా’ అని అడిగి, స్లీప్ టెస్ట్ చేయిస్తే గానీ కుదరదన్నారు. ఒక రాత్రి హాస్పిటల్లోనే ఒళ్లంతా వైర్లు అతికించి పడుకోబెట్టారు. ఆ వైర్లతో నిద్రే పట్టలేదు. వేలికి పెట్టిన క్లిప్ అర్ధరాత్రి ఊడిపోతే పిలిచినా ఎవరూ రాలేదు. పొద్దున్నే ‘డేటా సరిపోలేదు, మళ్లీ చేయాలి, మళ్లీ కట్టాలి’ అన్నారు. రిపోర్ట్ అడిగితే ఫెయిలైన టెస్ట్‌కి రిపోర్ట్ ఉండదట. పైగా జబ్బు ఉందని తేలితే నెల రోజులు గాలి పంపే మాస్క్ మిషన్ పెట్టుకుని పడుకున్నాకే సర్జరీ అట. నా రిస్క్ మీద చేయండి, సంతకం పెడతానన్నా ఒప్పుకోలేదు. స్లీప్ ఆప్నియా అని రాయించుకుంటే పాత జబ్బని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేస్తారని మా తమ్ముడు భయపెడుతున్నాడు. పాలసీ తీసుకుని నాలుగేళ్లు దాటింది, మధ్యలో గ్యాప్ లేదు. వీళ్ల మీద కేసు వేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కోపంలో సగం న్యాయం ఉంది. కాకపోతే మీరు అనుకుంటున్న సగం కాదు. ఆపరేషన్ ఆపారని కేసు వేస్తే ఓడిపోతారు. వాళ్ల తప్పువల్ల పాడైన టెస్ట్‌కి మళ్లీ డబ్బు అడిగారని, కాగితం ఇవ్వలేదని నిలదీస్తే మాత్రం హాస్పిటల్ దగ్గర చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ముందు ఆపరేషన్ సంగతి. స్లీప్ ఆప్నియా అంటే ఉత్త గురక కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులై, గాలి దారి మూసుకుపోయి, ఒక్కోసారి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఊపిరి ఆగిపోతుంది. మామూలు నిద్రలో అయితే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. మత్తుమందు, ఆపరేషన్ తర్వాత నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులు ఆ కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి, పైగా లేపాల్సిన మెదడునే జోకొడతాయి. అందుకే మత్తు డాక్టర్ అంత పట్టు పట్టారు. ఆపరేషన్ అయిన రాత్రి మీ మంచం పక్కన ఎవరుండాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి అన్నది ఆ రిపోర్ట్ చూసే నిర్ణయిస్తారు. ఈ తరహా కేసుల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లు సాధారణంగా ‘టెస్ట్ ఎందుకు చేయలేదు’ అని వస్తారు, మీరు తలకిందులుగా అడుగుతున్నారు. టెస్ట్ చేయకుండా ఆపరేషన్ చేసి ఏదైనా జరిగి ఉంటే అది గెలిచే కేసే అయ్యేదేమో, కానీ గెలుపు చూడ్డానికి మీరు ఉండాలి కదమ్మా.

డాక్టర్ నిర్లక్ష్యాన్ని కోర్టులు ఎలా కొలుస్తాయో జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం ఉన్న మనిషి ఆ పరిస్థితిలో ఏం చేస్తాడన్నదే కొలత. గురక, బీపీ, 35 దాటిన బీఎంఐ ఉన్న పేషెంటుకి టెస్ట్ అడగడం ఆ కొలతకి ఎక్కడా తక్కువ కాదు. అయితే ఒక మాట మీ తరఫున కూడా అనాలి. స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల చిన్న పట్టీ ఉంది, అవునంటే ఒక్కో మార్కు, అయిదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రిస్క్ ఎక్కువ కింద లెక్క. మీ ఉత్తరం చదివితేనే నాకు మూడు మార్కులు కనపడ్డాయి. అది మొదటి రోజే అడిగి ఉంటే మీ సెలవులు మిగిలేవి. వారం ముందు అడగడం ప్లానింగ్ లేని పనే, నాకూ చిరాకే వేసింది, కానీ ఆ ఒక్క కారణానికి నష్టపరిహారం వస్తుందని మీకు ఆశ పెట్టను.

‘నా రిస్క్ మీద చేయండి’ అన్న సంతకం కూడా పనికిరాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, రిస్కులు, వేరే మార్గాలు ముందే వివరించి సమ్మతి తీసుకోవాలని, వద్దనుకుంటే వద్దనే హక్కు పేషెంటుదని చెప్పింది. వద్దనే హక్కు వేరు, చేసి తీరాలనే హక్కు వేరు. ప్రాణాపాయం లేని, తేదీ చూసుకుని చేసే ఆపరేషన్‌ని సేఫ్ కాదనుకుంటే వాయిదా వేసే స్వేచ్ఛ డాక్టర్‌కి ఉంది. మీరు ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టినా రేపు నిర్లక్ష్యం జరిగితే ఆ కాగితం వాళ్లనూ కాపాడదు, అది వాళ్ల లాయర్‌కి బాగా తెలుసు.

ఇక అసలు మీ చేతిలో ఉన్న పాయింట్. హాస్పిటల్లో పడుకోబెట్టి చేసే స్లీప్ స్టడీలో పక్క గదిలో టెక్నీషియన్ రాత్రంతా స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి, తల మీది వైరు ఊడినా వేలి క్లిప్ జారినా వచ్చి మళ్లీ పెట్టాలి. మీరు డబ్బు కట్టింది మంచానికి కాదు, ఆ కాపలాకి. కొత్త చోట, వైర్లతో నిద్ర పట్టకపోతే అది ఎవరి తప్పూ కాదు, చాలామందికి మొదటి రాత్రి అంతే. అందువల్లే టెస్ట్ పాడైతే మళ్లీ ఫీజు అడగడంలో వాళ్ల వాదనకి కొంత బలం ఉంటుంది. కానీ క్లిప్ ఊడిపోయి, పిలిచినా ఎవరూ రాక డేటా పోయిందంటే అది సేవాలోపం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) కిందికి వస్తుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని వి.పి. శాంత కేసులో 1995లోనే తేలిపోయింది.

ఈ రెండిట్లో ఏది జరిగిందో చెప్పగలిగేది వాళ్లు ఇవ్వనంటున్న ఆ రిపోర్టే. ఎన్ని గంటలు రికార్డింగ్ జరిగింది, అందులో నిజంగా ఎంతసేపు నిద్రపోయారు, ఆక్సిజన్ సిగ్నల్ ఎన్నింటికి ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడు వచ్చింది, అన్నీ కంప్యూటర్‌లో నిమిషాలతో సహా పడి ఉంటాయి. రాత్రి 1.40కి ఆగిన సిగ్నల్ పొద్దున దాకా రాలేదనుకోండి, నేను వాదించాల్సింది కూడా ఏమీ ఉండదు. ఫెయిలైన టెస్ట్‌కి రిపోర్ట్ ఉండదన్న మాట నమ్మకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా అడక్కండి. డాక్టర్ పేరు మీద, హాస్పిటల్‌కి కాపీ పెట్టి, ఈమెయిల్ చేయండి. తేదీ పడాలి.

రెండో టెస్ట్ అక్కడే చేయించుకోవాలన్న రూల్ కూడా లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల పట్టికలో టెస్ట్ ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయి. ఆ పట్టిక చట్టం కాదు, అయినా ఉత్తరంలో దాని పేరు రాస్తే అవతలివాళ్ల గొంతు కాస్త మారుతుంది. బయట చేయిస్తే ఆ రిపోర్ట్ ఒప్పుకుంటారా అని మత్తు డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఇంట్లోనే చేసే చిన్న టెస్ట్ కూడా ఉంది, హాయిగా ఉంటుంది, కానీ మీ విషయంలో నాకు దాని మీద ఒక అనుమానం ఉంది. అది చెప్పాలంటే ఇన్సూరెన్స్ సంగతిలోకి వెళ్లాలి.

మీ తమ్ముడు చెప్పినదానికి పూర్తిగా రివర్స్ అమ్మా ఇక్కడ. బరువు సర్జరీకి ఇన్సూరెన్స్ ఎప్పుడు ఇవ్వక్కర్లేదో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక ప్రామాణిక క్లాజు ఇచ్చింది, మీ పాలసీ బుక్‌లో ‘ఒబేసిటీ, వెయిట్ కంట్రోల్’ అన్న హెడింగ్ కింద వెతకండి. దాని ప్రకారం క్లెయిమ్ రావాలంటే బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి దాంతోపాటు నాలుగు జబ్బుల్లో ఒకటి ఉండాలి: ఒబేసిటీ వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, అదుపులో లేని టైప్-2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా. బీపీ ఆ లిస్టులో లేదు. మీ బీఎంఐ 37, షుగర్ లేదు, గుండె జబ్బు మాటే మీరు ఎత్తలేదు. అంటే మీ క్లెయిమ్‌కి ఉన్న ఒకే ఒక్క తలుపు మీరు తిట్టుకుంటున్న ఈ టెస్టే!

అందులో ‘తీవ్రమైన’ అన్న మాట గమనించండి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్న లెక్కని ఏహెచ్‌ఐ అంటారు. 15 నుంచి 30 లోపు ఒక మోస్తరు, 30 దాటితే తీవ్రం. 29కీ 31కీ మీ గురకలో తేడా ఉండదు, క్లెయిమ్‌లో మాత్రం ఉంటుంది. ఇంటి టెస్ట్‌లో చాలావరకు మీరు నిద్రపోతున్నారో మెలకువగా ఉన్నారో మిషన్‌కి తెలియదు, మెలకువగా దొర్లిన గంటల్ని కూడా కలిపి భాగించేస్తుంది, దాంతో లెక్క తగ్గి కనపడొచ్చు. నా అనుమానం అదే. అలాగని లెక్క పెంచి రాయించుకోమని కాదు, ఆ పని చేస్తే నేనే మీ కేసు పట్టుకోను. సరిగ్గా జరిగిన టెస్ట్ మీద మోస్తరు అనే వస్తే క్లెయిమ్ రాదని అనుకుని డబ్బు ఏర్పాటు చేసుకోండి.

అదే క్లాజులో ఇంకో ముక్క ఉంది, సర్జరీ కాని పద్ధతులు ఫెయిలయ్యాయని కూడా చూపించాలి. డైటీషియన్ చీటీలు, జిమ్ రసీదులు, డాక్టర్ రాసిన మందులు.. ఉన్నవన్నీ బయటికి తీయండి.

పాత జబ్బు భయం విషయానికొస్తే, పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టర్ నిర్ధారించినదో, వైద్యం చెప్పినదో, చేసినదో పాత జబ్బు అవుతుంది. ఇంట్లోవాళ్లు ‘గురక పెడుతున్నావ్’ అనడం నిర్ధారణ కాదు. పైగా పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలే, మీది దాటిపోయింది. ప్రమాదం ఇంకోచోట ఉంది. అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టర్ హడావిడిగా ఎప్పట్నుంచీ అంటే మీరు ‘పదేళ్లుగా గురకండీ’ అంటారు, ఆయన కేస్ షీట్‌లో ‘పదేళ్లుగా స్లీప్ ఆప్నియా’ అని గీకేస్తాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని, ముందే తెలిసి దాచారని ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు లేఖ పంపుతారు. పాలసీకి వరసగా 60 నెలలు నిండితే మోసం నిరూపిస్తే తప్ప అలా అనడానికి వీల్లేదు, మీకు ఇంకా నిండలేదు. కాబట్టి ఏం రాశారో చదివి, తప్పుంటే అక్కడికక్కడే సరిచేయించండి. నిజం దాచమనడం లేదు, గురకని గురక అనే రాయమనండి.

టెస్ట్ ఖర్చు గురించి కూడా ఒక మెలిక ఉంది. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే ఆ ఖర్చు ఇవ్వరు, అది ఇంకో ప్రామాణిక మినహాయింపు. కానీ సర్జరీ క్లెయిమ్ పాసైతే దానికి ముందు చేయించిన టెస్ట్‌గా అడగొచ్చు. చాలా పాలసీల్లో అడ్మిషన్‌కి ముందు 30 రోజులో 60 రోజులో మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. మీది 30 రోజులదైతే, టెస్ట్ తర్వాత నెల రోజులు మాస్క్ మిషన్ వాడేసరికి టెస్ట్ బిల్లు గడువు దాటిపోతుంది! ఇప్పుడే చూసుకోండి. మిషన్ ధరకి కూడా పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. ఆ నెల రోజులు నిజంగా అవసరమా అన్నది వైద్యం ప్రశ్న, లాయర్‌గా నేను చెప్పకూడదు. కారణం రాతపూర్వకంగా అడగండి, నచ్చకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్క ఈమెయిల్. ఫలానా రాత్రి స్లీప్ స్టడీ పూర్తి రికార్డు, బిల్లు ఇవ్వండి, క్లిప్ ఊడిపోయి సిబ్బంది రానందువల్ల డేటా పోయింది కాబట్టి ఫీజు లేకుండా మళ్లీ చేయండి లేదా కట్టింది వాపస్ ఇవ్వండి అని. తిట్లు వద్దు. రెండు వారాలు చూసి, జవాబు లేకపోతే 1915 హెల్ప్‌లైన్, తర్వాత మీరుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్ల లోపు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి కమిషన్ ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు. రేపు క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, నెలలో తేలకపోతే ఇన్సూరెన్స్ గొడవలు తీర్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాది లోపు వెళ్లాలి, అక్కడా ఖర్చు లేదు.

రెండో టెస్ట్ రాత్రి పడుకునే ముందు బెల్ ఎక్కడుందో అడిగి, ఒకసారి నొక్కి చూసుకోండి. క్లిప్ జారితే మొహమాటపడకుండా వచ్చేదాకా నొక్కండి, టైమ్ ఎంతైందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి.