పిల్లలు మాట చివరి ధ్వనిని మింగేస్తుంటే ఇంట్లో ఏం చేయాలి?

నాలుగేళ్లు నిండిన మీ బాబు ‘అన్నం’ను ‘అన్న’ అంటున్నాడనీ, బడిలో నేర్పిన ‘కప్’, ‘బుక్’ లాంటి మాటలను ‘క’, ‘బు’ అని సగంలోనే ఆపేస్తున్నాడనీ, ‘కప్పు’, ‘బుక్కు’ అనే తోటి పిల్లలను కూడా కలిపి టీచర్ అందరికీ ఒకే అభ్యాసం ఇచ్చారనీ రాశారు. హన్మకొండలో చిన్న తరగతులకు చాలా ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, మా చిన్నమ్మాయికి ఇదే ఇబ్బంది వస్తే దగ్గర కూర్చుని దిద్దుకున్నదాన్ని కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ రెండు రకాల పిల్లలను వేరు చేసి చూడాలి. ‘కప్పు’ అనే పిల్లవాడికి ఏ లోపమూ లేదు. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో, ‘అన్నం’లో లాగా సున్నాతోనో ముగుస్తాయి. బయటి నుంచి వచ్చిన మాటలకు కూడా మనం చివర ‘ఉ’ చేర్చి బస్సు, కారు, పెన్ను, రోడ్డు అని మనవి చేసుకున్నాం. ఇంట్లో అందరూ అలా అంటుంటే వాడూ అలాగే అనడం చెవి చక్కగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. ‘క’ దగ్గరే ఆగిపోయే పిల్లవాడు మాత్రం ‘ప్’ను పూర్తిగా వదిలేస్తున్నాడు. మాటలు నేర్చే కొత్తలో అది కూడా సహజమే, ఇంగ్లిష్ ఇంటిభాషగా పెరిగే పిల్లల్లో సాధారణంగా మూడేళ్ల ప్రాంతంలో ఆ అలవాటు పోతుంది. మీ బాబుకు నాలుగు నిండాయి, పైగా బడిలో కొత్తగా విన్న ఇంగ్లిష్ మాటల్లోనే కాక పుట్టినప్పటి నుంచి వింటున్న ఇంటి మాటలో కూడా చివరి ధ్వని పోతున్నది. అందుకే మీరు ఇచ్చిన ఉదాహరణల్లో ‘బు’ కంటే ‘అన్న’ నాకు ముఖ్యంగా కనిపించింది.

ఆ చివరి సున్నా మన మాటలో చాలా పని చేస్తుంది. అన్న వేరు, అన్నం వేరు. దండ వేరు, దండం వేరు. మన వరంగల్ వైపు ఇళ్లలో ‘నేను తిన్న’, ‘మేము తిన్నం’, ‘నేను పోత’, ‘మేము పోతం’ అని మాట్లాడతాం కదా, ఒక్కరు చేసిన పనికీ అందరూ కలిసి చేసిన పనికీ తేడా చెప్పేది క్రియ చివరి ఆ ఒక్క ధ్వనే. ఇంత ముఖ్యమైనదైనా తొందరగా మాట్లాడేటప్పుడు మనం పెదవులు పూర్తిగా కలపము. ‘అన్నం’ చివర ముక్కులోంచి వచ్చే చిన్న మూలుగు మాత్రమే మిగులుతుంది. పెద్దలు అర్థాన్ని బట్టి ఆ లోటు పూరించుకుంటారు, పిల్లవాడికి ఆ ఆధారం ఇంకా లేదు. కాబట్టి మొదటి మార్పు మన నోటిలోనే రావాలి: వాడి ముఖం ఎదురుగా కూర్చుని, సాగదీయకుండా, అరవకుండా, పెదవులు కలిసేది వాడికి కనిపించేలా చివరిదాకా పలకాలి.

అభ్యాసాలు మొదలుపెట్టే ముందు చెవి పరీక్ష చేయించండి. ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. జలుబు చేసిన తర్వాత కర్ణభేరి వెనుక నీరు నిలిచిపోవడం ఈ వయసు పిల్లల్లో చాలా మామూలు. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు, పిలిస్తే పలుకుతారు, అందువల్ల ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కానీ మాట చివర వచ్చే ప్, ట్, క్, స్ లాంటివి మెల్లగా, క్షణకాలం మాత్రమే వినిపించే ధ్వనులు. చెవి కొద్దిగా మూసుకుపోయినా ముందుగా పోయేవి అవే. మా అమ్మాయికి జరిగింది ఇదే. టింపానోమెట్రీ అనే పరీక్షలో చెవి రంధ్రం దగ్గర చిన్న మొన పెట్టి, గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికను చూస్తారు; నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ నీరు చాలామంది పిల్లల్లో మూడు నెలల లోపు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే ఏం చేయాలో చెవి వైద్యులు చెబుతారు. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నది, ఆ బృందానికి చెప్పినా తగిన చోటికి పంపుతారు.

ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లు వస పోయమనో, నాలుక కింద నరం కోయించమనో సలహా ఇస్తే వారిని నొప్పించకుండా ఒక మాట చెప్పండి. ‘మ్’, ‘ప్’ రెండూ పెదవులు కలిస్తే పుట్టే ధ్వనులు, వాటిలో నాలుకకు పనే లేదు. మీ బాబు ‘అమ్మ’, ‘మామ’, ‘పాప’ అనగలుగుతున్నాడంటే పెదవులకూ ఏ లోటూ లేదు. ధ్వని వచ్చు, దాన్ని మాట చివర నిలపడమే ఇంకా రాలేదు.

దీని మందు మన భాషలోనే ఉన్నది. చివర నిలవని ధ్వని రెండు అచ్చుల మధ్య సులువుగా పలుకుతుంది. ‘అన్నం అను’ అని అడగకుండా, పళ్లెం ముందు పెట్టి ‘అన్నమా, రొట్టెనా?’ అని అడిగితే ‘అన్నమే’ అన్న జవాబులో ‘మ’ చక్కగా వస్తుంది. అది నిలకడగా వచ్చేదాకా ‘బెల్లమా, చక్కెరనా?’, ‘గుర్రమా, మేకనా?’ అని మాటల్లో కలిపి అడగండి. ఆ తర్వాత ‘అన్నమే’లోని చివరి అచ్చును మీరు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే వాడూ తగ్గిస్తాడు, పెదవులు కలిసిన చోట మాట ఆగుతుంది. ఇంగ్లిష్ మాటలకూ ఇదే దారి. ‘కప్పు’ అనడాన్ని తప్పని కొట్టివేయకుండా మెట్టుగా వాడుకోవాలి: ముందు ‘కప్పు’ అని నిండుగా, తర్వాత ‘ఉ’ను గుసగుసగా, చివరికి అరచేతిని నోటి ముందు పెట్టుకుని ‘ప్’ దగ్గర చిన్న గాలి తగిలేలా ‘కప్’ అని. ఓరుగల్లు అనే ఊరినే వరంగల్ అని కూడా పిలుచుకుంటున్న మనకు ఈ మెట్టు కొత్తది కాదు.

పలికించడానికి ముందు కొన్నాళ్లు వినిపించడం అవసరం. దండ బొమ్మ ఒకటి, దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి గీసి ముందు పెట్టండి. మీరు ఒక మాట అంటే వాడు సరైన బొమ్మను ముట్టుకోవాలి. ఎప్పుడూ ఒకే బొమ్మను ముట్టుకుంటూ ఉంటే వాడికి తేడా ఇంకా వినిపించడం లేదని తెలుస్తుంది, అప్పుడు పలకమని ఒత్తిడి చేయడం వ్యర్థం. తేడా పట్టుకోగలిగాక వంతులు మార్చి వాడు చెబితే మీరు ముట్టుకోండి. ‘దండం’ అనబోయి ‘దండ’ అంటే మీరు పూలదండనే ముట్టుకోండి, కోప్పడవద్దు, దిద్దవద్దు. తన మాట మీకు వేరుగా అందిందని చూసిన పిల్లవాడు తానే మళ్లీ ప్రయత్నిస్తాడు.

పొడవైన మాటలను వెనుక నుంచి కట్టుకుంటూ రావాలి: ‘కం’, ‘స్తకం’, ‘పుస్తకం’. ముందు నుంచి మొదలుపెడితే చివరికి వచ్చేసరికి వాడి ఊపిరి, ఓపిక రెండూ అయిపోతాయి, వెనుక నుంచి వస్తే ముందుగా అలవాటైన ముక్కతోనే మాట ముగుస్తుంది.

హల్లుతో ఆగే మాటలకు మా ఇంట్లో బాగా పనికి వచ్చింది కండక్టర్ ఆట. కుర్చీలు వరుసగా వేసి, వాడికి ఒక సంచి తగిలించి, హన్మకొండ బస్టాండ్‌లో వినిపించినట్టే ఊళ్ల పేర్లు పిలిపించండి: ఉప్పల్, వరంగల్, కాజీపేట్, హైదరాబాద్, మహబూబాబాద్. మధ్యమధ్య ‘టికెట్, టికెట్’ అని అడగాలి, ‘రైట్’ అంటేనే బస్సు కదలాలి. గట్టిగా పిలిచేటప్పుడు చివరి ధ్వని తనంతట తానే బలంగా పడుతుంది. కరీంనగర్‌లోని ‘ర్’ చాలామంది పిల్లలకు ఆలస్యంగా వచ్చే ధ్వని, అది రాకపోయినా ఆటను ఆపవద్దు. ఇంట్లో రోజూ వినిపించే పరేషాన్, తయార్, బజార్ లాంటి మాటలు కూడా మంచి సాధనమే. దోస్త్, మిల్క్, డెస్క్ లాగా చివర రెండు హల్లులు కలిసేవాటిని మాత్రం తర్వాతకు ఉంచుకోండి.

ఇదంతా రోజుకు ఒకటి రెండు సార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు చాలు. మిగతా సమయంలో వాడు ‘అన్న కావాలె’ అంటే ‘అన్నం కావాల్నా? ఇగో, అన్నం’ అని సరైన రూపాన్ని మీ మాటలో తిరిగి ఇచ్చి ఊరుకోండి. ‘అన్నం అంటేనే పెడతా’ అని ఆకలితో ఉన్న పిల్లవాడిని ఆపడం ఏ ఇంట్లోనూ జరగకూడదు. అలా ఆపితే వాడు మాట నేర్చుకోడు, అడగడం మానేసి చేయి చూపించడం మొదలుపెడతాడు. ఇంగ్లిష్ మాటలు రావడం లేదని ఇంట్లో తెలుగు తగ్గించవద్దు. టీచర్‌తో కూడా మాట్లాడండి: ‘కప్పు’ అనే పిల్లలకు అభ్యాసం చదువు కోసం, మీ బాబుకు మాట కోసం, రెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టి అందరి ముందు పలికించవద్దని మర్యాదగా కోరితే ఎవరైనా అర్థం చేసుకుంటారు.

చెవి బాగుందని తేలి, రెండు మూడు నెలలు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా వాడి మాటల్లో ఎక్కువ భాగం బయటివారికి అర్థం కాకపోతే, భారత పునరావాస మండలి (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా)లో పేరు నమోదైన స్పీచ్ థెరపిస్టును కలవండి. ప్రభుత్వ సంస్థే కావాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి ఇబ్బందులను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్లే ముందు వాడు ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు ఫోన్‌లో కొంత రికార్డు చేసుకోండి, కొత్తవాళ్ల ముందు పిల్లలు నోరు విప్పరు. వాడు అనే మాటలను అన్నవి అన్నట్టుగానే, మీ ఇంటి తెలుగులోనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ‘తిన్న’, ‘తిన్నం’ తేడా తెలియని ప్రాంతం వారు చూస్తే, వాడు నిజంగా వదిలేస్తున్న దాన్నీ మన వాడుకలోనే లేని దాన్నీ విడదీయడానికి ఆ కాగితం పనికి వస్తుంది.