అమ్మ దగ్గు శెనక్కాయల దుమ్ముదేనా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు, బీపీకి రామిప్రిల్ మొదలుపెట్టి రెండు నెలలైంది, బీపీ దిగింది గానీ నెల నుంచి ఒకటే పొడి దగ్గు, రాత్రి పడుకుంటే మరీ. శెనక్కాయలు ఒలిచే దుమ్ముకేమో అనుకున్నాం, మూడు సీసాల సిరప్ తాగింది, ఏం తగ్గలే. మాత్ర ఆపేయమంటారా?

జవాబు: మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ మళ్లీ ఎగబాకుతుంది. దుమ్ము కూడా కావచ్చు గానీ నాకైతే ఆ మాత్ర మీదే అనుమానం. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఒంట్లో ఏసీఈ అనే ఎంజైమును అడ్డుకుంటాయి, దాంతో రక్తనాళాలు వదులై బీపీ దిగుతుంది, అయితే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే, ఆ పని ఆగేసరికి అది పేరుకుని గొంతులో గిలిగింత పెడుతుంది. కళ్లె పడదు, సిరప్‌కు లొంగదు. ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. అన్నట్టు, జలుబు సిరప్‌లు కొన్నిట్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అది బీపీని పెంచుతుంది, ఇంక అవి కొనకండి!

స్ట్రిప్పు తీసుకెళ్లి రాసిన డాక్టరుకే చూపించండి. మామూలుగా టెల్మిసార్టాన్ లాంటిదానికి మారుస్తారు, మార్చినా దగ్గు పోడానికి 1 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. జ్వరం, కళ్లె, బరువు తగ్గడం ఉంటే మాత్రం కళ్లె పరీక్ష చేయించాల. పెదాలో నాలుకో వాస్తే ఇంకో మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి పోండి, రాత్రయినా సరే.