సింగపూర్ ఈఎంఐనా, మైసూరు ఆర్‌డీనా?

ప్రశ్న: మాది చిత్తూరు. మావారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు, నెలకు 46,000 చేతికొస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నా జీతం 14,000. బాబుకు 11 ఏళ్లు, పాపకు 7. హౌసింగ్ లోన్ ఈఎంఐ 17,500, చీటీ 5,000, పాప పేరున ఆర్‌డీ 3,000, స్కూలు ఫీజులూ వ్యానూ కలిపి నెలకు 6,000, ఇంటి ఖర్చు 21,000. నగల మీద 90,000 లోన్ ఉంది, దానికి నెలకు సుమారు వెయ్యి వడ్డీ కడుతున్నాం. ఎఫ్‌డీలో 60,000 ఉంది. మామిడి సీజను అయ్యాక మావారికి 25,000 బోనస్ వస్తుంది. ఇప్పటిదాకా పిల్లల్ని తిరుమల, కాణిపాకం, చెన్నైలో బంధువుల ఇళ్లు తప్ప ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మంచి ఊరు చూపించాలని ఉంది. కోటలు, మ్యూజియాలు ఉండాలి, జంతువులు, పక్షులు కూడా ఉండాలి. సింగపూర్ 4 రాత్రుల ప్యాకేజీ నలుగురికీ 2,40,000 చెబుతున్నారు. 15 శాతం వడ్డీకి 24 నెలల పర్సనల్ లోన్ వెంటనే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. పిల్లల్ని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఈ రెండింటినీ కలిపి చూస్తున్నారు కాబట్టే మీకు లోన్ తప్ప వేరే దారి కనిపించడం లేదు.

మీరు రాసిన అంకెలనే కూడి చూశాను. మీ ఇద్దరి జీతాలు 60,000. ఖర్చులు, కట్టాల్సినవి అన్నీ కలిపితే 53,500. నెలకు మిగిలేది 6,500. మీకు ఇస్తామంటున్న లోన్‌కు ఈఎంఐ 11,600 పైనే పడుతుంది. మిగిలే డబ్బుకు దాదాపు రెట్టింపు. అంటే మొదటి నెల నుంచే చీటీ ఆపాలి, లేదా పాప ఆర్‌డీ ఆపాలి, లేదా ఎఫ్‌డీ విరగ్గొట్టాలి. ఆ 60,000 ఎఫ్‌డీ మీ ఇంటికి నెల రోజుల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఎవరికైనా జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ముందు తీయాల్సింది అదే. దాని జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోకండి.

ఇప్పుడు వడ్డీ సంగతి. 24 నెలల్లో మీరు కట్టేది మొత్తం 2,79,000 పైచిలుకు. అందులో వడ్డీయే 39,000 దాటుతుంది. నేను కింద చెప్పబోయే మైసూరు ప్రయాణానికి, అత్యవసరానికి పక్కన ఉంచే డబ్బుతో సహా, 31,500 చాలు. ఇంట్లో మీవారితో మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించండి. సింగపూర్ లోన్‌కు ఉత్త వడ్డీగా పోయే డబ్బుతో నలుగురూ మైసూరు చూసి రావచ్చు.

పైగా 2,40,000 అన్నది మొదటి అంకె మాత్రమే. నలుగురికీ కొత్త పాస్‌పోర్టులంటే 5,000 దాకా అవుతుంది. వీసా ఉంది, చెన్నై విమానాశ్రయానికి రానూపోనూ ఖర్చుంది, ప్యాకేజీలో లేని పూటల భోజనం ఉంది. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే పన్ను, కూడా వసూలు చేస్తారు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా మీ జేబులోంచి పోయినట్టే. ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేని వాయిదాలు, అని ఎవరైనా మెసేజ్ పంపినా ఇదే మాట. నగదుగా కడితే వచ్చే తగ్గింపును వదులుకోవడం, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ, వీటిలో ఎక్కడో ఒకచోట ఆ ఖర్చు ఉంటుంది. ఇలాంటి సున్నా శాతం పథకాల్లో వడ్డీని కప్పిపెడుతున్నారని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను తప్పుబట్టింది.

సింగపూర్ చూడాల్సిన ఊరే. నగలు విడిపించుకుని, చీటీ పూర్తయ్యాక, ముందుగా డబ్బు కూడబెట్టి వెళ్లండి. అప్పటికి పాప కూడా చూసింది గుర్తుపెట్టుకునే వయసుకు వస్తుంది.

మరి మైసూరే ఎందుకు? మీరు అడిగిన రెండూ, అంటే చరిత్ర, ప్రకృతి, ఒకదానికొకటి గంట దూరంలోపే ఉన్న ఊరు అది. తిరుపతి నుంచి మైసూరు మీదుగా చామరాజనగర్ వెళ్లే రాత్రి రైలు చిత్తూరులో ఆగుతుంది. పిల్లలు పడుకుని లేచేసరికి మైసూరు. పగటి ప్రయాణంలో నలుగురికీ అయ్యే టిఫిన్లు, కూల్‌డ్రింకుల ఖర్చు, విసుగు తప్పుతాయి. ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది.

దసరాకు మాత్రం వద్దు. ఉత్సవం గొప్పదే, కానీ ఆ పది రోజులూ గదుల అద్దెలు విపరీతంగా పెరుగుతాయి, చిన్న పిల్లలతో ఆ జనంలో ఏదీ సరిగ్గా చూడలేరు. సంక్రాంతి సెలవుల్లో, పండగ అయిపోయాక వచ్చే శుక్రవారం రాత్రి బయల్దేరండి. శని, ఆది, సోమ మూడు పగళ్లు, రెండు రాత్రులు. అప్పటికి జూన్ నుంచి డిసెంబరు దాకా 7 జీతాలు పడతాయి. నెలకు 4,500 చొప్పున బ్యాంకులో 7 నెలల ఆర్‌డీ వేస్తే జనవరి మొదట్లో 31,500, దాని మీద కొద్దిగా వడ్డీ చేతికొస్తుంది. మీకు మిగిలే 6,500లో ఇంకా 2,000 ఉంటుంది. దాన్ని ప్రతి నెలా గోల్డ్ లోన్ అసలుకు జమ చేయండి. బోనస్ 25,000 కూడా దానికే. ప్రయాణం నాటికి 90,000 అప్పు 51,000కు దిగుతుంది. అప్పు తగ్గించుకుంటూనే టూరుకు వెళ్లినట్టవుతుంది.

ఇక్కడొక చిక్కుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. అంటే మీకు టికెట్ల డబ్బు నవంబరులోనే కావాలి, ఆర్‌డీ చేతికొచ్చేది జనవరిలో. అందుకని బోనస్‌లో 7,500 పక్కన పెట్టి, 17,500 మాత్రమే ముందు గోల్డ్ లోన్‌కు కట్టండి. ఆర్‌డీ వచ్చిన రోజు ఆ 7,500 లోన్‌లో వేసేయండి. క్రెడిట్ కార్డు బయటికి తీయాల్సిన పని ఉండదు.

ఇక ఖర్చు. రానూపోనూ థర్డ్ ఏసీలో నాలుగు బెర్తులకు 7,500 పెట్టుకోండి. 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీయే, కావాలంటే పూర్తి చార్జీ. ఇద్దరు పిల్లలకూ బెర్తులు తీసుకోమనే నా సలహా. రాత్రంతా ఒకే బెర్తు మీద తల్లీకూతుళ్లు సర్దుకుంటే మర్నాడు జూలో పాప నడవదు, మీకు ఓపిక ఉండదు. రెండు రాత్రులకు గది 6,000. భోజనం, టిఫిన్లు మూడు రోజులకు 5,400. ఆదివారం ఒక్కరోజుకు క్యాబ్, మిగతా రెండు రోజులు ఆటోలు, సిటీ బస్సులు, అన్నీ కలిపి 4,300. ప్రవేశ టికెట్లు, పడవ 2,500. పిల్లలిద్దరికీ చెరి 500. మొత్తం 26,700. మిగిలిన 4,800 ముట్టుకోవద్దు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే దానికి.

గది విషయంలో రెండు జాగ్రత్తలు. రైలు ఉదయం దిగుతుంది, చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం 12కు. బుక్ చేసేముందే ఫోన్ చేసి, సామాను కౌంటర్‌లో పెట్టుకుని మొహం కడుక్కోవడానికి వీలుందా, లేక 24 గంటల లెక్కన గది ఇస్తారా అని కనుక్కోండి. ఈ ఒక్క ఫోన్ చేయక పొద్దున్నే అదనంగా సగం రోజు అద్దె కట్టేవాళ్లు చాలామంది. రెండోది, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని గదులు రాత్రికి రెండు మూడు వందలు తక్కువకు వస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఆ తగ్గింపు తీసుకోకూడదు. బయల్దేరే రోజు ఎవరికి జ్వరం వస్తుందో చెప్పలేం.

శనివారం జూ చూడండి. 1892లో మొదలైన జూ అది, మంగళవారం సెలవు. పక్కనే కారంజి చెరువు, దాని గట్టు మీద నడక, పక్షులుండే పెద్ద వలపందిరి. ఆ రోజుకు అంతే చాలు. సాయంత్రం ఓపికుంటే సిటీ బస్సులో చాముండి కొండకు వెళ్లి, ఏకశిలా నందిని చూసి దిగండి.

ఆదివారమే అసలు రోజు. పొద్దున్నే క్యాబ్‌లో శ్రీరంగపట్నం వైపు వెళ్లి, ముందు రంగనతిట్టు పక్షుల అభయారణ్యం చూడండి. కావేరిలో చిన్న చిన్న లంకలు, వాటిమీద చెట్లనిండా కొంగలు, తెడ్డుమూతి కొంగలు, గూడబాతులు. పడవ రాళ్ల పక్కగా పోతుంటే రాయి అనుకున్నది నోరు తెరుస్తుంది, అది మొసలి. పుస్తకంలో చూసే పక్షికీ, చేతికందేంత దూరంలో గూటికి పుల్ల మోసుకెళ్లే పక్షికీ ఉన్న తేడా పిల్లలకు అక్కడ తెలుస్తుంది. వానాకాలంలో ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే పడవలు ఆపేస్తారు, జనవరి ఎంచుకోవడానికి అదీ ఒక కారణమే.

అక్కడి నుంచి శ్రీరంగపట్నంలో గుంబజ్‌కు. చిత్తూరు పిల్లలకు ఇది పరాయి ఊరి చరిత్ర కాదని చెప్పండి. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనపేట శిబిరంలోనే. ఆయన సమాధి ఉన్నది ఈ గుంబజ్‌లో, కట్టించింది కొడుకు టిప్పు. కాస్త దూరంలో దరియా దౌలత్ అనే వేసవి మహల్ ఉంది, ఎక్కువ భాగం టేకు. గోడల మీద హైదర్, టిప్పు 1780లో ఇంగ్లీషువాళ్లతో చేసిన పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంటుంది, ఏనుగులు, గుర్రాలు, ఫిరంగులతో గోడ నిండిపోయి ఉంటుంది. ఆ పొల్లిలూరు కంచి దగ్గరే. మీరు టీచరు కదా, వెళ్లేముందు వారం ఈ రెండు కథలూ రాత్రిపూట చెప్పి ఉంచండి. గైడుకు ఇచ్చే డబ్బు మిగలడం చిన్న సంగతి, బాబు తనే ఆ బొమ్మలో హైదర్ ఎక్కడున్నాడో వెతుకుతాడు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి.

మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోండి. బృందావనం గార్డెన్స్ కూడా అదే రోజు చూపిస్తానని క్యాబ్ డ్రైవరు అంటాడు, వద్దనండి. ఆదివారం రాత్రి 7 గంటలకు మైసూరు ప్యాలెస్‌కు దీపాలు వెలిగిస్తారు, దాదాపు లక్ష బల్బులు. పిల్లలు నిద్రకళ్లతో కాకుండా అది చూడాలి. సోమవారం ప్యాలెస్ లోపల చూడండి. పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోయాక కట్టిన ఈ భవనం 1912లో పూర్తయింది. తర్వాత దేవరాజ మార్కెట్. పిల్లలకు చెరి 500 అన్నాను కదా, అది అక్కడ వాళ్లిష్టం. ఏం కొనాలో మీరు చెప్పొద్దు, అయిపోతే ఇంకో వంద ఇవ్వొద్దు. బాబు చేతికి ఒక నోటుబుక్ ఇచ్చి మూడు రోజుల ఖర్చూ వాడితోనే రాయించండి.

ఇంకో మాట. జనవరి లోపు ఒక ఆదివారం చంద్రగిరి కోటకు, అక్కడి నుంచి తిరుపతి ఎస్వీ జూకు పిల్లల్ని తీసుకెళ్లండి. కోటలోని రాజమహల్‌లో పాప ఎంతసేపటికి విసుక్కుంటుంది, జూలో ఎన్నిసార్లు ఆకలంటారు, ఐస్‌క్రీములకు ఎంతవుతుంది, అన్నీ రాసుకోండి. నేను వేసిన భోజనం లెక్క మీ ఇంటికి సరిపోతుందో లేదో ఆ ఒక్క రోజుతో తేలిపోతుంది. తక్కువనిపిస్తే అక్టోబరు నుంచి గోల్డ్ లోన్‌కు కట్టే 2,000లో 500 తగ్గించి టూరుకు కలపండి.

‘మా క్లాసులో వాళ్లు సింగపూర్ వెళ్లారు’ అని బాబు అంటే, వాడికి ఈ అంకెలు దాచొద్దు. 11 ఏళ్లవాడికి కూడికలు వచ్చు. మనకు నెలకు ఇంత మిగులుతుంది, ఇందులోంచి ఇంత దాస్తున్నాం, జనవరిలో వెళ్తున్నాం అని చెప్పండి. ఆర్‌డీ కట్టిన ప్రతిసారీ పాస్‌బుక్ వాడికి చూపించండి.

మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందేమో పేస్లిప్ చూడమనండి. పాత పన్ను విధానంలో ఉంటే నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు మినహాయింపు వస్తుంది. రైలు టికెట్లకే, గదికీ భోజనానికీ కాదు.

జూన్ జీతం పడిన మర్నాడే ఆర్‌డీ తెరవండి, కట్టాల్సిన తేదీ కూడా జీతం తేదీకి దగ్గరగానే పెట్టించండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ఇప్పుడే జతచేసి ఉంచుకోండి, నవంబరులో టికెట్లు తెరిచే రోజు పొద్దున ఆ పని పెట్టుకుంటే బెర్తులు దొరకవు.