హాన్ వంశం కథ చెప్పబోతున్న మా చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి, చైనా హాన్ వంశపు చక్రవర్తుల కథని తెలుగులో ఆడియో సీరియల్‌గా చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. నేను కాలేజీలో చైనా, జపాన్ చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఆ పేపర్ పేరెత్తితే పిల్లలు పారిపోయేవాళ్ళు. మా ఇంటి పిల్లాడే కోరి దాన్ని నెత్తికెత్తుకుంటాడని కలలో కూడా అనుకోలేదు. వాట్సాప్‌లో చెబితే ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు కాబట్టి ఇలా ఉత్తరమే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మామూలు సంగతులు ముందు అయిపోనీ. వంశవృక్షం పెద్ద కాగితం మీద గీసుకుని గోడకి అంటించుకో. సంవత్సరాలు రెండుసార్లు సరిచూసుకో. క్రీస్తు పూర్వం లెక్కలో అంకె తగ్గుతూ వస్తుంది కాబట్టి నోరు జారుతుంది. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపు. క్రీ.పూ. 202లో లియు బాంగ్ చక్రవర్తి అయినప్పుడు మొదలుపెట్టి, క్రీ.శ. 9లో వాంగ్ మాంగ్ సింహాసనం లాక్కున్న చోట ఆపు. మలి హాన్ జోలికి ఇప్పుడే పోకు.

పేర్ల దగ్గర జాగ్రత్త. అందరి ఇంటిపేరూ లియునే. వెన్, జింగ్, వూ అని మనం పిలిచేవి వాళ్ళు పోయాక ఇచ్చిన బిరుదులు. చెవితో వినేవాడికి ఇవన్నీ కలగాపులగం అయిపోతాయి. మనవాళ్ళకి పేర్లు గుర్తుండకపోయినా వరసలు గుర్తుంటాయి. షువాన్ అని వదిలేయకు. వూ మునిమనవడు, జావోకి అన్నగారి మనవడు అను. మా ఊళ్ళో రామాయణం వినే ముసలమ్మలు కూడా నీ కథ పట్టుకుంటారు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. మొదటి భాగమే లియు బాంగ్ పట్టపురాణి లూ చేసిన ఘోరంతో మొదలుపెట్టావట కదా! లియు బాంగ్ క్రీ.పూ. 195లో పోయాక, ఆయన ముద్దుల భార్య చీ కొడుకు రూయీకి లూ విషం పెట్టించింది. చీ కాళ్ళూ చేతులూ నరికించి, కళ్ళు పీకించి, మరుగుదొడ్డిలో పడేయించి, 'మనిషి పంది' అని పేరు పెట్టించింది. ఇది సిమా చియెన్ రాసిన చరిత్రలోనే ఉంది, నేను కాదనను. కానీ నాన్నా, నేను ఆ పాఠం చెప్పిన రోజు వెనక బెంచీలు కూడా నిండిపోయేవి. తర్వాత పరీక్షలో హాన్ పన్నుల గురించి అడిగినా పిల్లలు ఆ మరుగుదొడ్డి గురించే రాసేవాళ్ళు. ఒకసారి అది చెవిన పడ్డాక ఇంకేదీ ఎక్కదు.

దానికి ముందు జరిగింది చెప్పు. లూ కొడుకు యింగ్ యువరాజు. తండ్రి మాత్రం 'వీడు నాలా లేడు' అనేవాడు. రూయీ 'అచ్చం నాలా ఉన్నాడు' అనేవాడు. యింగ్‌ని తీసేసి రూయీని పెడతానని ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు. జౌ చాంగ్ అనే నత్తి మంత్రి కొలువులో తడబడుతూనే 'నేను ఒప్పుకోను' అని అడ్డుపడ్డాడు. చివరికి తాను ఎంత పిలిచినా రాని నలుగురు తెల్లజుట్టు ముసలి పండితులు యింగ్ వెనక నిలబడటం చూసి లియు బాంగ్ వెనక్కి తగ్గాడు. అన్నేళ్ళు ఆ తల్లి ఎలా నిద్రపోయి ఉంటుందో ఆలోచించు. ఆవిడ చేసిన పనిని సమర్థించమనడం లేదు. కథ తండ్రి నోటి దగ్గర మొదలైంది, అక్కణ్ణుంచి చెప్పమంటున్నాను.

ఇంకో మాట. ఆవిడ పెత్తనం చేసిన కాలాన్ని అదే సిమా చియెన్ చక్రవర్తుల వరసలో పెట్టి రాశాడు. దేశం ప్రశాంతంగా ఉంది, శిక్షలు తక్కువ, జనం సేద్యం చూసుకున్నారు, తిండికీ బట్టకీ లోటు లేదు అని కూడా రాశాడు. ఆ వాక్యం చదవకుండా ఆ భాగం ముగించావో, నీ సీరియల్ వినను. యింగ్ తర్వాత ఆవిడ గద్దె మీద కూర్చోబెట్టిన ఇద్దరు పసి చక్రవర్తుల్ని కూడా మింగేయకు, చాలామంది మింగేస్తారు.

క్రీ.పూ. 180లో ఆవిడ పోగానే సేనాపతి జౌ బో సైన్యం ముందు నిలబడి, లూ వాళ్ళ వైపు ఉన్నవాళ్ళు కుడి భుజం, లియు వాళ్ళ వైపు ఉన్నవాళ్ళు ఎడమ భుజం చూపించమన్నాడు. అందరూ ఎడమ భుజమే చూపించారు. లూ పుట్టింటివాళ్ళని ఊచకోత కోశారు. తర్వాత కొత్త చక్రవర్తిని వెతకడం చూడు, మన పెళ్ళిసంబంధాల వాకబులాగే ఉంటుంది: మేనమామలు ఎలాంటివాళ్ళు, తల్లి వైపు బలం ఎంత? అలా దొరికినవాడు దూరంగా దాయ్ రాజ్యంలో ఉన్న లియు హెంగ్. తల్లి తరఫువాళ్ళు నెమ్మదస్తులని తెచ్చారు. ఆయనే వెన్. ఆ వంశంలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు.

వెన్ కొడుకు జింగ్ దగ్గర ఎక్కువ ఆగకు. తాగిన మత్తులో 'నా తర్వాత నీదే' అని తమ్ముడితో అనేసి కొన్నేళ్ళు ఇల్లంతా కుతకుతలాడించాడు, అది చెబితే చాలు. పెద్దకొడుకు రోంగ్‌ని యువరాజుని చేసి, మళ్ళీ తీసేసి, ఏడేళ్ళ చేని పెట్టాడు. ఆ చేయే వూ.

వూకి మాత్రం ఎన్ని భాగాలైనా ఇవ్వు. యాభై నాలుగేళ్ళు ఏలాడు. అందరూ యుద్ధాలు చెబుతారు. నువ్వు క్రీ.పూ. 91 చెప్పు. ఆ ఏడాదికి రాజుకి అరవై అయిదేళ్ళు, ఒంట్లో బాగాలేక రాజధాని చాంగాన్ వదిలి గాన్‌చువాన్ భవనంలో ఉన్నాడు. యువరాజు జూ రాజధానిలో ఉన్నాడు. లేక లేక పుట్టిన కొడుకు, ముప్పై ఏళ్ళుగా యువరాజు. నాకెవరో చేతబడి చేస్తున్నారన్న భయం ముసలాయనకి పట్టుకుంది. విచారణ పని జియాంగ్ చోంగ్ అనేవాడికి అప్పగించాడు. వాడికీ యువరాజుకీ పాత పగ; రేపు జూ గద్దెనెక్కితే తన తల ఉండదని వాడి భయం. తవ్వించాడు. అంతఃపురం గదుల్లో నేలంతా తవ్వితే రాణికీ యువరాజుకీ మంచం వేసుకునే చోటు కూడా లేకపోయిందట. చివరికి యువరాజు భవనంలో కొయ్యబొమ్మలు దొరికాయన్నాడు.

జూ మొదట అనుకున్నది నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పుకుందామనే. గురువు ఆపాడు. పంపిన మనుషులకి జవాబు రావడం లేదు, ఆయన బతికున్నాడో లేడో తెలీదు, మనకి ముందున్న చిన్ వంశంలో ఫూసూకి ఏమైందో మర్చిపోయావా అన్నాడు. తండ్రి పేరుతో వచ్చిన దొంగ ఉత్తరం నమ్మి ప్రాణం తీసుకున్న రాకుమారుడు ఫూసూ. ఆ భయంతో జూ జియాంగ్ చోంగ్‌ని చంపించి ఆయుధాలు పంచాడు.

ఇప్పుడు చెప్పేది తర్వాతి కాలపు చరిత్రకారులు రాసింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కబురు విన్న వూ ముందు కోప్పడలేదు. 'పిల్లాడు భయపడి ఉంటాడు, ఆ చోంగ్ మీద కోపం' అని, కొడుకుని పిలుచుకు రమ్మని మనిషిని పంపాడు. ఆ మనిషి భయపడి ఊళ్ళో అడుగే పెట్టలేదు. సగం దారిలోంచి తిరిగి వచ్చి, 'తిరగబడ్డాడు, నన్ను నరకబోతే పారిపోయి వచ్చాను' అన్నాడు. అప్పుడు వదిలాడు సైన్యాన్ని. అయిదు రోజులు చాంగాన్ వీధుల్లో కొట్టుకున్నారు, వేలకి వేలమంది చచ్చారు. తల్లి వెయ్ రాణి ప్రాణం తీసుకుంది. జూ తూర్పుకి పారిపోయి, హూ అనే చోట చెప్పులమ్ముకునే పేదవాడి ఇంట్లో దాక్కున్నాడు. ఆ మనిషి చెప్పులమ్మిన డబ్బుతోనే ఇతనికి అన్నం పెట్టాడు. అది చూడలేక జూ ఆ ఊళ్ళో ఉన్న తెలిసిన డబ్బున్నవాడికి కబురు పెట్టాడు, దాంతో జాడ తెలిసిపోయింది. ఇల్లు చుట్టుముట్టారు. తలుపు మూసుకుని ఉరేసుకున్నాడు. చెప్పులవాడు పోరాడి చచ్చాడు. వెంట ఉన్న ఇద్దరు పిల్లల్నీ చంపేశారు.

తర్వాత లియు బాంగ్ గుడి కాపలాదారు ఒకడు అర్జీ పెట్టాడు: కొడుకు తండ్రి ఆయుధాలతో ఆడుకుంటే శిక్ష కొరడాదెబ్బలే కదా, చావు కాదు కదా అని. ముసలాయనకి కళ్ళు తెరుచుకున్నాయి. కొడుకుని తలుచుకోవడానికి ఒక భవనం, హూలో ఒక ఎత్తైన వేదిక కట్టించాడు. ఏం లాభం?

మీ నాన్నకి నువ్వింకా సెలవు పెట్టిన సంగతి చెప్పలేదట. అది కూడా మీ అమ్మే చెప్పింది. ఆవిడ తనకి తోచినప్పుడు, తోచినట్టు ఆయన చెవిన వేస్తుందన్నమాట. మా నాన్నగారు, మీ పెద్ద మావయ్య ఇలాగే ఒకే వీధిలో ఉంటూ పొలం విషయం మూడో మనిషి చేత చెప్పించుకునేవాళ్ళు. ఈయన 'ఆలోచిస్తాను' అంటే అక్కడ 'ఇవ్వనన్నారు' అని చేరేది. సాయంత్రం నాన్నగారు అరుగు మీద తన పక్కన ఖాళీ కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. మావయ్య అటుగా వచ్చేటప్పుడు సైకిలు దిగి అవతలి పక్కకి మారిపోయేవాడు. ఇద్దరూ మంచివాళ్ళేరా. మీ నాన్న కేకలేస్తాడు, నాకు తెలుసు. వెయ్యనీ. సెలవు ఎన్నాళ్ళో, చేతిలో డబ్బెంతో, తర్వాత ఏం చేస్తావో నీ నోటితో చెప్పు. ఈ ఆదివారమే వెళ్ళు. భోజనానికి ముందు మాత్రం మొదలుపెట్టకు, ఆకలి మీద ఆయన ఎవరి మాటా వినడు.

సరే, కథలోకి వద్దాం. జూ ఇంట్లో మిగిలింది నెలల పసివాడు, మనవడు. వాణ్ణి జైల్లో వేశారు. బింగ్ జీ అనే అధికారి జాలిపడి ఖైదీ ఆడవాళ్ళ చేత పాలిప్పించాడు. క్రీ.పూ. 87లో, జైళ్ళలోంచి చక్రవర్తి కళ లేస్తోందని ఎవరో చెబితే, వూ అందులో ఉన్నవాళ్ళందర్నీ చంపమని రాత్రికి రాత్రి మనిషిని పంపాడు. బింగ్ జీ తెల్లారేదాకా తలుపు తియ్యలేదు. తప్పు చెయ్యని మామూలువాణ్ణే చంపకూడదు, వీడు రాజుగారి మునిమనవడు అన్నాడు. ఆ పసివాడే తర్వాత షువాన్. బింగ్ జీ ఈ సంగతి తనంతట తాను ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆయన గురించి చెప్పేటప్పుడు గొంతు పెంచకు, సంగీతం పెట్టకు.

పోయే ముందు వూ ఎనిమిదేళ్ళ కొడుకు జావోని వారసుణ్ణి చేసి, అంతకుముందే వాడి తల్లిని చావుకి పంపాడు. పసి రాజు, వయసులో ఉన్న తల్లి అంటే మళ్ళీ లూ వస్తుందని భయం. నువ్వు మొదటి భాగంలో లూని రాక్షసిగా మాత్రమే చూపిస్తే ఇక్కడ వినేవాళ్ళు 'మంచి పని చేశాడు' అంటారు. నా భయం అదే.

జావో క్రీ.పూ. 74లో పిల్లలు లేకుండా పోయాక మంత్రి హువో గ్వాంగ్ తెచ్చిన లియు హ ఇరవై ఏడు రోజులే ఉన్నాడు. ఆ రోజుల్లో 1,127 అకృత్యాలు చేశాడని జాబితా రాసి దింపేశారు. రోజుకి నలభై పైన! లెక్క నువ్వే గట్టిగా చదువు, జనం నవ్వుకుంటారు. అయితే అది దింపినవాళ్ళు రాసిన లెక్క అని కూడా చెప్పు. జియాంగ్‌షీలో నాన్‌చాంగ్ దగ్గర ఆయన సమాధి తవ్వకం 2011లో మొదలైంది. వంద కిలోలకి పైగా బంగారంతో పాటు అయిదు వేలకి పైగా రాత ఉన్న వెదురు చీలికలు, కన్ఫ్యూషియస్ బొమ్మ వేసిన అద్దపు చట్రం దొరికాయి. మరీ చదువూ సంధ్యా లేని తుంటరి కాదేమో.

షువాన్ తర్వాత యువాన్, చెంగ్, ఐ, పింగ్ — గబగబా నడిపించు. 'మన ఇల్లు కూల్చేది వీడే' అని షువాన్ కొడుకు గురించి అన్నాడు, అయినా మార్చలేదు. వేరేవాళ్ళు విషం పెట్టించి చంపేసిన తన మొదటి భార్య కొడుకు వాడు. కష్టాల్లో చేసుకున్న పెళ్ళాం మీద ప్రేమ. ఆ కథ రెండు నిమిషాల్లో తేల్చకు. చివరి పిల్లవాడు రూజి యింగ్ మాత్రం రెండేళ్ళవాడు, గద్దె మీద కూర్చోనే లేదు. తర్వాత వాణ్ణి నాలుగ్గోడల మధ్య, దాది కూడా మాట్లాడకూడదని కట్టడి చేసి పెంచారు. పెద్దయ్యాక ఇంటి పశువుల పేర్లు కూడా చెప్పలేకపోయాడట.

ముగింపు వాంగ్ జెంగ్‌జున్ మీద పెట్టు. యువాన్ భార్య, వాంగ్ మాంగ్‌కి మేనత్త. పుట్టింటివాళ్ళని ఎక్కించింది ఆవిడే. ఎనభైకి దగ్గరపడ్డ వయసులో, మేనల్లుడు రాజముద్ర కోసం మనిషిని పంపితే, తిట్టి, ఏడ్చి, దాన్ని నేలకేసి కొట్టింది. కొత్త వంశం పండగలు మార్చేసినా, పాత హాన్ పండగ రోజున తన పరిచారికల్ని కూర్చోబెట్టుకుని భోంచేసేది.

ఆ తిట్లు చదవడానికి నీకు ఒక ముసలి ఆడగొంతు కావాలి. ఇరవై ఏళ్ళ పిల్లని తెచ్చి వణికించకు, నేనున్నాను. డబ్బు అడగను. పొద్దున పది లోపు పెట్టుకుంటే దగ్గు కూడా ఉండదు. స్క్రిప్ట్ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ