ఇంటిగుట్టు లంకకి చేటు: ఈ వారం మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది చర్ల మండలం. అడవిలో కొంతదూరం పోతే ఛత్తీస్‌గఢ్ వచ్చేస్తుంది. నిన్నటిదాకా దళంలో తిరిగినోళ్ళే ఇవాళ డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్, అక్కడి పోలీసు దళం) అని పోలీసు డ్రెస్సులో వస్తున్నారంట, అటునుంచి వచ్చి మా దగ్గర గుడిసెలేసుకున్న గుత్తికోయలు చెప్తుంటారు. లొంగిపోయినోళ్ళకి మళ్ళీ తుపాకీ ఇస్తే యుద్ధం తొందరగా అయిపోతుందా? మా నాన్నేమో ఇంటిగుట్టు లంకకి చేటు, అంతకుమించి ఏం లేదంటాడు. (ఒక పాఠకుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా)

జవాబు: తొందరగానే అయిపోతుందండి, ముందు ఆ మాట ఒప్పుకోవాలి. ఎక్కడినుంచో వచ్చిన సీఆర్‌పీఎఫ్ జవానుకి గోండి రాదు, ఏ వాగు ఎక్కడ దాటాలో తెలీదు, ఎదురొచ్చినవాడు రైతో మిలీషియా మనిషో తెలీదు. అదే పదేళ్ళు దళంలో తిరిగినవాడికైతే ఆయుధాలు దాచే డంపు ఎలాంటి చోట పెడతారు, సెంట్రీ ఎటు నిలబడతాడు, నీళ్ళకి ఎవర్ని పంపిస్తారు, ఇవన్నీ ఒకరు చెప్పక్కర్లేదు, ఒంట్లోనే ఉంటాయి. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, మన శ్రీకాకుళం జిల్లా మనిషే, చనిపోయిన ఆపరేషన్‌లో ముందు నడిచింది డీఆర్‌జీయే.

కానీ ముందు చచ్చేదీ వాళ్ళే కదా. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి పదిమంది డీఆర్‌జీ వాళ్ళూ ఒక డ్రైవరూ పోయారు, ఆ పదిమందిలో ఐదుగురు ఒకప్పుడు అటువైపు పనిచేసినవాళ్ళే. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మళ్ళీ అదే జరిగింది, పోయిన ఎనిమిది మంది జవాన్లలో ఐదుగురు పాత మావోయిస్టులు. పాతరేసినవాడూ ఆ బండిలో కూర్చున్నవాడూ ఒకే సంతకి పోయే పిల్లలు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం (ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి ఆదివాసీల్నే దించిన దండు) కేసులో, సరిగ్గా చదువు కూడా లేని ఆదివాసీ కుర్రాళ్ళని ఎస్‌పీఓలుగా, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టి యుద్ధంలోకి తోయడం రాజ్యాంగ విరుద్ధం అని చెప్పింది. తర్వాత పేర్లు మారాయి, జీతం పెరిగింది, పర్మినెంట్ ఉద్యోగాలయ్యాయి, ముందు నడిచే పని మాత్రం వాళ్ళదే.

మీ నాన్నగారి సామెత దగ్గరికి వద్దాం, ఎందుకంటే అది అచ్చంగా లంకలోనే జరిగింది. వినాయగమూర్తి మురళీధరన్, అందరూ కరుణ అంటారు, శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈకి తూర్పు ప్రాంత కమాండర్, బట్టికలోవా జిల్లా మనిషి. 2002లో ప్రభుత్వంతో శాంతి చర్చలకి కూర్చున్న టీమ్‌లో కూడా ఉన్నాడు. 2004 మార్చిలో ఎల్‌టీటీఈ అధినేత ప్రభాకరన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. ఆయన చెప్పిన కారణం ఏంటంటే, చచ్చిపోయేది తూర్పు పిల్లలు, పదవులన్నీ ఉత్తరాన జాఫ్నా వాళ్ళకి అని. ఎల్‌టీటీఈ ఏమో డబ్బు లెక్కలు తేలక పారిపోయాడంది. రెండోదాని సంగతి ఎలా ఉన్నా మొదటిది తూర్పు తమిళుల్లో నిజంగా ఉన్న బాధే, లేకపోతే అన్ని వేలమంది కేడర్ మీద అతని మాట అంత తేలిగ్గా చెల్లేది కాదు. ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే రోజు ఎల్‌టీటీఈ వెరుగల్ నది దాటొచ్చి కొట్టింది. అతను కొన్నాళ్ళలోనే తన సేనని ఇళ్ళకి పొమ్మని కొలంబో చేరిపోయాడు, ఆ ఇళ్ళకి పోయినవాళ్ళలో బడి వయసు పిల్లలే ఎంతోమంది.

అక్కడినుంచి ఎల్‌టీటీఈకి తూర్పు పోయింది, అంటే కొత్త మనుషులొచ్చే దారి పోయింది. మిగిలిన కరుణ మనుషులు ఆర్మీకి దారి చూపించారు, 2007 జూలైలో తూర్పున ఎల్‌టీటీఈకి మిగిలిన స్థావరం తొప్పిగల పడింది, సైన్యం మొత్తం బలాన్ని ఉత్తరానికి తిప్పుకుంది. కరుణ ఒక్కడే గెలిపించాడంటే అది నిజం కాదు, సముద్రంలో ఆయుధాల ఓడల్ని నేవీ ముంచేసింది, బయటి దేశాలు నిషేధాలు పెట్టాయి, అవన్నీ ఉన్నాయి. అయినా 2009 మే 19న నందికడల్ మడుగు దగ్గర ప్రభాకరన్ శవాన్ని గుర్తుపట్టడానికి సైన్యం ఎవర్ని తీసుకెళ్ళిందంటే, కరుణనే. ఆ ముఖాన్ని అంత దగ్గర్నుంచి అన్నేళ్ళు చూసినవాడు కాబట్టి.

విభీషణుడి పట్టాభిషేకంతో మనం పుస్తకం మూసేస్తాం, తర్వాత లంకలో పక్కింటివాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకున్నారో ఎవరూ అడగరు. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. కొన్నేళ్ళ కిందట మీ వైపే ఒక గుత్తికోయ గుంపుకి వెళ్ళాను, సల్వాజుడుం టైంలో బీజాపూర్ వైపు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. ఒక పెద్దామె ఇప్పపూలు ఆరబోస్తూ చెప్పింది. ఊరందర్నీ వరసలో నిలబెట్టారంట, ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఒకడు ఒక్కొక్కరి ముందు ఆగి తల ఊపుతూ పోయాడంట. ముఖం కనపడకపోయినా ఆమె పోల్చుకుంది, కాలు చూసి. చిన్నప్పుడు ఆమె దగ్గరే ముల్లు తీయించుకున్న కాలు అది, బొటనవేలు పక్కన మచ్చ ఉంది. అతను ఆమె ముందు కూడా ఆగాడు, తల ఊపలేదు, ముందుకెళ్ళి ఆమె మరిది దగ్గర ఊపాడు. ఇంతా చెప్పి ఆమె ఆ కుర్రాడి పేరు మాత్రం చెప్పలేదు, వాళ్ళమ్మ ఇంకా ఆ ఊళ్ళోనే ఉందంది. శ్రీలంక తమిళంలో ఇలా ముసుగేసుకుని పట్టిచ్చేవాడికి తలయాట్టి అని పేరే ఉంది, తల ఆడించేవాడు అని. ఒక భాష దానికంటూ ఒక మాట పెట్టుకుందంటే అది ఎన్ని వందలసార్లు జరిగి ఉండాలి చెప్పండి.

ప్రశ్న: మరి లొంగిపోయినవాళ్ళని ఏం చెయ్యమంటారు? (చర్ల పాఠకుడిదే, రెండో ప్రశ్న)

జవాబు: ఇంటికి పంపాలి. రివార్డు డబ్బు టైంకి ఇవ్వాలి, భూమి చూపించాలి, పాత కేసులు తేల్చాలి, సొంతూరు ప్రమాదం అనుకుంటే వేరే ఊళ్ళో బతకనివ్వాలి. నువ్వు మారావని నమ్మాలంటే మొన్నటి నీ దోస్తుని చంపి చూపించు అన్నట్టు ఉండకూడదు లొంగుబాటు.

ప్రశ్న: తుపాకీ వదిలి ఎలక్షన్‌లో నిలబడితే మంచిదే కదా, మీలాంటివాళ్ళు దానికి కూడా ఎందుకు అభ్యంతరం పెడతారు? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: వదిలి నిలబడితే చాలా మంచిదమ్మా, నాకేం అభ్యంతరం లేదు. నేపాల్‌లో 2006లో మావోయిస్టు పార్టీ మొత్తం ఒప్పందానికి వచ్చింది, ఫైటర్లు క్యాంపుల్లో ఉన్నారు, ఆయుధాలు ఐక్యరాజ్యసమితి కాపలాలో కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, 2008లో ప్రచండ ప్రధాని అయ్యాడు. అది ఒప్పందం. నేను చెప్పేది తుపాకీతోనే వైపు మారి, ఆ తుపాకీతోనే ఎలక్షన్‌లోకి రావడం గురించి.

కశ్మీర్‌లో హాజిన్ మనిషి కూకా పర్రే జానపద గాయకుడు, మిలిటెంట్ అయ్యాడు, తర్వాత ఇఖ్వాన్ అని పెట్టి సైన్యం వైపు పనిచేశాడు. 1996లో అసెంబ్లీ ఎలక్షన్లు జరగగలిగాయంటే ఆ ఇఖ్వాన్ పాత్ర ఉంది, అతనూ సోనావారి నుంచి ఎమ్మెల్యే అయ్యాడు, 2003 సెప్టెంబర్‌లో హాజిన్‌లోనే అతన్ని చంపేశారు. ఇఖ్వానీల వసూళ్ళు, కిడ్నాపులు భరించింది మాత్రం అక్కడి మామూలు జనం.

శ్రీలంకలో ఇంకా దూరం పోయింది. కరుణ దగ్గర రెండో మనిషి పిళ్ళయాన్, అసలు పేరు శివనేసతురై చంద్రకాంతన్, 2008 మేలో తూర్పు ప్రావిన్స్‌కి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. వాళ్ళ పార్టీ ఆయుధాలు అప్పగించింది 2009 మార్చిలో, అంటే ఓట్లు పడిననాటికి తుపాకులు చేతుల్లోనే ఉన్నాయి. కరుణ ఎంపీ అయ్యాడు, మంత్రి అయ్యాడు, అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స పార్టీలో వైస్ ప్రెసిడెంటూ అయ్యాడు. 2020 జూన్‌లో అదే కరుణ ప్రచారంలో, ఎలిఫెంట్ పాస్ దగ్గర ఒక్క రాత్రిలో రెండు మూడు వేలమంది సైనికుల్ని చంపామని చెప్పుకున్నాడు, సైనికుల పేరు చెప్పి ఓట్లడిగే రాజపక్సలకి అతన్ని సమర్థించలేక వదులుకోలేక ఊపిరాడలేదు.

ఇక కేసుల సంగతి చూడండి. 2005 క్రిస్మస్ రాత్రి బట్టికలోవాలో సెయింట్ మేరీస్ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఎంపీ జోసఫ్ పరరాజసింగంని కాల్చి చంపారు. ఆ కేసులో పిళ్ళయాన్‌ని అరెస్ట్ చేసింది ఎప్పుడంటే రాజపక్స ఓడిపోయాక, 2015 అక్టోబర్‌లో. రాజపక్సలు తిరిగొచ్చారు, 2020లో పిళ్ళయాన్ జైల్లోంచే ఎంపీగా గెలిచాడు, 2021 జనవరిలో ప్రాసిక్యూషన్ వెనక్కి తగ్గింది, కేసు పోయింది. నేరం ఒకటే, సాక్ష్యాలు అవే, మారింది కొలంబోలో ప్రభుత్వం. యుద్ధంలో సాయం చేసినవాడికి ప్రభుత్వం బాకీపడుతుంది, ఆ బాకీ ఇలా తీరుస్తుంది, చర్చిలో పోయిన మనిషి కుటుంబానికి ఎవరూ ఏమీ బాకీలేనట్టు.

తూర్పు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ రవీంద్రనాథ్ 2006 డిసెంబర్ 15న కొలంబోలో ఒక సదస్సుకి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ కిడ్నాప్ కేసులో పోలీసులు పిళ్ళయాన్‌ని అరెస్ట్ చేసింది 2025 ఏప్రిల్‌లో, పద్దెనిమిదేళ్ళు దాటాక, ఇంకో కొత్త ప్రభుత్వం వచ్చాక.