ఆఫీసు టెన్షన్‌లో మీరు మీరుగా ఉండాలంటే

విదేశంలో ఉద్యోగానికి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ నన్ను అడిగే సందేహం ఇది: "మీటింగులో కూర్చోగానే నేను నేను కాదు. గొంతు మారిపోతుంది, అవసరం లేని నవ్వు వస్తుంది, బాగా తెలిసిన విషయం కూడా నోటికి రాదు. ఇంటికొచ్చాక రోజంతా ఎవరి వేషమో వేసినట్టుంటుంది. ఇక్కడ నెగ్గుకు రావాలంటే ఇలా నటించాల్సిందేనా?"

అక్కర్లేదు. కానీ నటుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అంతమంది చూస్తుండగా బిగుసుకుపోకుండా, నిజంగా ఉండడమెలాగన్నది వాళ్ల శిక్షణలో పెద్ద భాగం. మనకు కావలసిందీ అదే.

1898లో నెమిరోవిచ్-దాంచెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించిన రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పనిచేశాడు. తాను ఎలా కనిపిస్తున్నానా అని నటుడు ఆలోచించడం మొదలుపెడితే ఒళ్లు బిగుస్తుంది, మాటలో నిజం పోతుంది. సహజంగా ఉండమని చెబితే ఇంకా బిగుసుకుంటాడు. అందుకే ఆయన నటుడి ధ్యాసకు ఒక పని అప్పజెప్పాడు: ఈ సన్నివేశంలో నీకేం కావాలి, దానికోసం ఏం చేస్తున్నావు?

మీటింగుకు వెళ్లేముందు చాలామంది మనసులో ఉండేది "తెలివైనవాడిలా కనబడాలి", "తప్పు దొరక్కూడదు" అన్న ఆలోచన. రెండూ మన గురించే. వాటి బదులు ఎదుటి మనిషికి సంబంధించిన పని ఒకటి పెట్టుకోండి. "గడువు ఎందుకు పెంచాలో మేనేజర్‌కు అర్థమయ్యేలా చెప్పాలి" అనో, "టెస్టింగ్ మానేస్తే వచ్చే ముప్పు గురించి టీమ్‌ను హెచ్చరించాలి" అనో ఒక్క వాక్యం రాసుకుని వెళ్లండి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే.

ఒక సందర్భం చూద్దాం. కాల్‌లో అందరి ముందూ మేనేజర్ అడుగుతారు, "ఇది ఇంకా ఎందుకు కాలేదు? శుక్రవారానికి కావాలి" అని. మనవాళ్లలో చాలామంది ఊపిరి బిగపడతారు. ప్రశ్న పూర్తి కాకముందే "యెస్, యెస్" అంటారు. కథంతా మొదటి నుంచి గబగబా చెప్పి, చివరికి "అయిపోతుంది" అనేస్తారు. కాదని వాళ్లకీ తెలుసు. మన నిజాయితీ జారిపోయేది ఇలాంటి చోటే. యాస గురించి అంత బాధపడతాం గానీ, అసలు నష్టం ఈ మాటతో జరుగుతుంది.

అమెరికాలో నటన నేర్పిన శాన్‌ఫర్డ్ మైస్నర్ ఇద్దరిని ఎదురెదురుగా ఉంచి, ఒకరన్న మాటను ఇంకొకరి చేత మళ్లీమళ్లీ అనిపించేవాడు. దాంతో ధ్యాస తన మీద నుంచి ఎదుటి మనిషి మీదకు మళ్లుతుంది. ఆఫీసులో అదే మాటను అన్నిసార్లు అనలేం కానీ, ఒక్కసారి అనొచ్చు. ప్రశ్న పూర్తి కానివ్వండి. పాదాలు నేలకు ఆనించి, ఊపిరి పూర్తిగా వదిలి, "శుక్రవారానికి కావాలంటున్నారు" అనండి. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పండి: "మొదటి భాగం శుక్రవారానికి ఇవ్వగలను. రెండోదానికి డేటా రాలేదు. అది వచ్చాక తేదీ చెబుతాను." మధ్యలో రెండు క్షణాల మౌనం మనకు యుగంలా అనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం ఆలోచించి మాట్లాడుతున్నారనిపిస్తుంది.

లోపల ఒకటి ఉంచుకుని ముఖానికి ఇంకొకటి తగిలించుకుంటే మనిషి అలిసిపోతాడు. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమాన సిబ్బంది ఉద్యోగాన్ని పరిశీలించి 1983లో వేసిన పుస్తకంలో, భావం లేకున్నా ముఖాన చూపించే పైపై నటనకూ, ఆ భావాన్ని లోపలే తెచ్చుకునే లోతైన నటనకూ తేడా చూపించారు. పైపై నటనకూ ఉద్యోగంలో అలసటకూ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. మేనేజర్ మీద మండిపోతున్నప్పుడు నవ్వు పులుముకోవడం కన్నా స్తానిస్లావ్‌స్కీ అడిగించిన "ఒకవేళ" అన్న ప్రశ్న మంచిది. ఒకవేళ ఈ సాయంత్రం పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది నేనే అయితే? కోపం మొత్తం పోకపోవచ్చు, కానీ మాట్లాడే తీరు మారుతుంది, ఆ మార్పులో అబద్ధం ఉండదు.

పాత బాధలను తవ్వి భావం తెచ్చుకునే పద్ధతి కూడా నటనలో ఉంది. దాని జోలికి వెళ్లకండి. స్తానిస్లావ్‌స్కీ కూడా చివరి రోజుల్లో శరీరంతో చేసే పనుల మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు.

యాస మార్చుకోవాలని తాపత్రయపడకండి. వేగం తగ్గించి, వాక్యం చివరి మాట మింగేయకుండా పలికితే చాలు. ముఖ్యమైన మీటింగుకు మొదటి రెండు వాక్యాలు మాత్రం పైకి చదివి అలవాటు చేసుకోండి. మొత్తం బట్టీపడితే ఎవరైనా మధ్యలో ఒక్క ప్రశ్న వేయగానే దారి తప్పుతారు.

ఇవన్నీ మామూలు ఒత్తిడికి. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు భయం ఉత్త ఊహ కాదని నాకు తెలుసు. అయినా రోజూ అవమానించే మనిషిని భరించడానికి ఈ పద్ధతులు వాడకండి. జరిగింది తేదీలతో రాసిపెట్టుకోండి, నమ్మకమైన సీనియర్‌తో మాట్లాడండి. ఉద్యోగం మారాల్సి వస్తే వీసా సంగతి ఏమవుతుందో ఇమిగ్రేషన్ లాయర్‌ని ముందుగానే అడిగి తెలుసుకోండి.